ట్రాన్సిస్టరును గుర్తించు విద్య

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నల్లరేగడి నేలలో పుట్టి పెరిగినవారికి పరీక్ష యనునది క్రొత్త మాట కాదు. పత్తి కొనవచ్చిన వ్యాపారి బోరెమును చూచి ధర చెప్పడు. గుప్పెడు దూది తీసి, రెండు చేతుల వ్రేళ్ళతో పింజను లాగి, దాని పొడవును బలమును చూచిన పిమ్మటనే నోరు విప్పును. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీపై ఏ రకము పేరు చెప్పినను, కొనుగోలుదారు లోపలి కాయను తీసి, రంగు చూచి, విరిచి, తాలు ఎంత కలిసినదో చూచును. సంచిమీది పేరు నమ్మి విత్తనము వేసి, పైరు కాపునకు వచ్చిన తరువాత అది వేరు విత్తనమని తెలిసికొని నష్టపడిన రైతులు ఈ ప్రాంతమున కొందరు కాదు. పైపేరు ఒకటి, లోపలి సరకు ఒకటి కావచ్చునన్న సంగతి గుంటూరు, ప్రకాశము జిల్లాలవారికి ఒకరు బోధింపనక్కరలేదు.

అయినను ఒక్క వస్తువు విషయమున మాత్రము జనులు ఇప్పటికిని పైపేరునే నమ్ముచున్నారు. అది కందిగింజంత నల్లని ముద్ద. దాని క్రింద మూడు సన్నని తీగకాళ్ళు. దాని పేరు ట్రాన్సిస్టరు. సెల్లుఫోను ఛార్జరులో, ఎల్.ఇ.డి. బల్బులో, యార్డులోని ఎలక్ట్రానిక్ కాటాలో, బోరు మోటారు ఆటో స్టార్టరులో, దేవాలయపు మైకుసెట్టులో, మిరపతోటకు మందు కొట్టు బాటరీ స్ప్రేయరులో అదియో, దాని జాతివో ఉండి తీరును. అది చెడినచో పరికరమంతయు నిలిచిపోవును. చెడినది అదియే యని తెలియనిచో, చిన్న ముక్కకు బదులు బోర్డంతయు మార్చవలసివచ్చును. లేదా పరికరమునే పాతసామానులవానికి వేయవలసివచ్చును. చేతిలో ఇమిడెడి ఒక చిన్న యంత్రముతో ఈ ముక్కను ఎట్లు గుర్తింపవచ్చునో, ఆ యంత్రము చెప్పినదానిలో ఎంతవరకు నమ్మదగునో వివరించుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

మొదట కొంత చరిత్ర. ఈ సీమలో ట్రాన్సిస్టరు అనగా చాలకాలము రేడియో పెట్టెయే. లోపలి ముక్క పేరు పెట్టెకంతటికిని వచ్చినది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రసారములు ప్రారంభించెను. అదే సంవత్సరము జూన్ 30వ తేదీన అమెరికాలో బెల్ ప్రయోగశాలలవారు న్యూయార్కు నగరమున ట్రాన్సిస్టరును పత్రికలవారికి చూపిరి. అంతకు ఆరు మాసములు ముందు, 1947 డిసెంబరులో, జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్ అను శాస్త్రజ్ఞులు జెర్మేనియము ముక్కపై బంగారపు మొనలు రెండు ఆనించి, బలహీనమైన విద్యుత్సంకేతమును బలమైనదిగా చేయవచ్చునని నిరూపించిరి. వారి బృందమునకు నాయకుడైన విలియం షాక్లీ పిమ్మట దానికి మరింత దృఢమైన రూపమును యోచించెను. ఆ ముగ్గురికిని 1956లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

ఈ విద్యకు భారతదేశమున అంతకు పూర్వమే ఒక వేరు కలదు. ఆచార్య జగదీశచంద్ర బోసు గెలీనా యను ఖనిజపు స్ఫటికముతో విద్యుత్తరంగములను పసిగట్టు సాధనమును నిర్మించి, దానికి 1904లో అమెరికా పేటెంటు పొందెను. గెలీనా యనగా సీసపు ముడిఖనిజము. వినుకొండ ప్రాంతమున అగ్నిగుండాల, బండ్లమోటు కొండలలో కొంతకాలము నడచిన సీసపు గనిలో లభించినదియు ఈ ఖనిజమే. పొలమునకు పోవు దారిలో కాలికి తగులు రాయి కూడ ఎంత విద్యను దాచుకొనియుండునో దీనివలన తెలియును.

వాల్వులతో నడచు పాత రేడియోలు వేడెక్కిన తరువాత గాని పలికెడివి కావు. వాటికి కరెంటు ఎక్కువ కావలెను. కరెంటు రాని ఊళ్ళలో బరువైన బాటరీలు కావలెను. ట్రాన్సిస్టరు వచ్చిన తరువాత టార్చిలైటు సెల్లులతోనే రేడియో పలికెను. చంకకు తగిలించుకొని పొలము గట్టుకు తీసికొనిపోవుటకు వీలయ్యెను. 1954లో బెంగుళూరున స్థాపింపబడిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ పిమ్మటి దశాబ్దమున ట్రాన్సిస్టరులను స్వదేశముననే తయారుచేసెను. 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఏర్పడెను. ఆ సంవత్సరమే ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరము నుండి కాలువలకు నీరు విడువబడెను.

ట్రాన్సిస్టరు చేయు పనిని తెలిసికొనుటకు ఆ కాలువ తూమునే చూడవచ్చును. కాలువ నీరు తూము తలుపు వెనుక నిలిచియుండును. తలుపును త్రిప్పుటకు ఒక మనిషి చేతిబలము చాలును. ఆ కొద్ది బలము ఎన్నో ఎకరములకు పారు నీటిని విడుచును, నిలుపును. ట్రాన్సిస్టరులో నీరు వచ్చు వైపు కలెక్టరు, పోవు వైపు ఎమిటరు, తలుపు త్రిప్పు చేయి బేసు. బేసులోనికి కొద్ది కరెంటు పంపినచో కలెక్టరు నుండి ఎమిటరునకు దానికి అనేక రెట్లు కరెంటు పారును. ఎన్ని రెట్లో తెలుపు అంకెను గెయిన్ అందురు. తూమునకు, దీనికి ఒక్క భేదము కలదు. తూము తలుపును ఒకమారు ఎత్తి వదలివేయవచ్చును; బేసులో మాత్రము కొద్ది కరెంటు పారుచున్నంతసేపే పెద్ద కరెంటు పారును. కరెంటు ఈ దిక్కున పారునది ఎన్.పి.ఎన్. రకము. దిక్కులు తలక్రిందులైనది పి.ఎన్.పి. రకము.

ఇక చిక్కు ఎక్కడ వచ్చుచున్నదో చూడవలెను. చదునైన ముఖము చూపరివైపు ఉంచి, కాళ్ళు క్రిందికి పెట్టి, ఎడమనుండి కుడికి చదివినచో, బి.సి. 547 అను ట్రాన్సిస్టరునకు కాళ్ళ వరుస కలెక్టరు, బేసు, ఎమిటరు. 2ఎన్ 3904 అనుదానికి ఎమిటరు, బేసు, కలెక్టరు. 2ఎస్.సి. 1815 అనుదానికి ఎమిటరు, కలెక్టరు, బేసు. మూడింటి రూపము ఒక్కటే, మూడును ఎన్.పి.ఎన్. రకమే, చేయు పనియు చాలవరకు ఒక్కటే. కాని ఒకదాని తావున మరియొకదానిని కాళ్ళు చూడక అతికించినచో పరికరము పలుకదు. పైన అచ్చువేసిన అక్షరములు చెరిగిపోయినప్పుడును, పాత బోర్డులనుండి ఊడదీసిన ముక్కలు ఒకే డబ్బాలో కలిసిపోయినప్పుడును, ఏది ఏదియో కంటితో చెప్పుట అసాధ్యము.

పూర్వము మెకానిక్కులు మీటరుతో ఈ చిక్కును విప్పెడివారు, నేటికిని విప్పుచున్నారు. సిలికానుతో చేసిన ట్రాన్సిస్టరులో బేసునుండి ఎమిటరునకు ఒక దారి, కలెక్టరునకు ఒక దారి ఉండును. రెండు దారులును ఒక దిక్కుననే కరెంటును పోనిచ్చును. మీటరును డయోడు గుర్తుకు త్రిప్పి, కాళ్ళను రెండేసి చొప్పున, ఎఱ్ఱతీగను నల్లతీగను మార్చి మార్చి ఆనింపవలెను. మూడు జతలు, ఒక్కొక్క జతకు రెండు దిక్కులు, వెరసి ఆరు పరీక్షలు. ఎన్.పి.ఎన్. రకము బాగున్నచో, ఎఱ్ఱతీగ ఒకానొక కాలిపై నిలిచియుండగా నల్లతీగ మిగిలిన రెండు కాళ్ళకును తగిలినప్పుడు మీటరు 0.6, 0.7 వోల్టుల ప్రాంతమున అంకె చూపును. మిగిలిన నాలుగు పరీక్షలలో ఏమియు చూపదు. ఎఱ్ఱతీగ నిలిచిన కాలు బేసు. రెండు అంకెలలో కొంచెము పెద్దది చూపినది ఎమిటరు. ఆ భేదము వోల్టులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. కన్ను చెదరినచో పొరబాటు వచ్చును. పి.ఎన్.పి. రకమునకు నల్లతీగ బేసుపై నిలుచును.

ట్రాన్సిస్టరు టెస్టరు అను చేతియంత్రము ఈ ఆరు ప్రశ్నలనే తాను అడిగి, రెండు మూడు క్షణములలో జవాబు వ్రాసి చూపును. ఇట్టి యంత్రములను పెద్ద సంస్థలును తయారుచేయుచున్నవి. కాని గ్రామములలోని చిన్న దుకాణమునకు ఇది అందుబాటులోనికి వచ్చుటకు కారణము వేరు. జర్మనీ దేశమున మార్కస్ ఫ్రెయెక్ అను నాతడు ఈ శతాబ్దమున ఇట్టి యంత్రమునకు చిత్రమును, లోపల నడచు ప్రోగ్రామును తయారుచేసి ఎల్లరకు తెలియునట్లు ప్రకటించెను. కార్ల్ హైన్జ్ క్యూబెలర్ అను మరియొకడు దానిని చాలవరకు పెంచి, తానును దాచుకొనక ప్రకటించెను. దానిని చూచి అనేక దేశముల చిన్న తయారీదారులు యంత్రములు చేయుచున్నారు. అందువలననే అది కొన్ని వందల రూపాయలకు దొరకుచున్నది. తెలిసిన విద్యను తాళము వేయక పదిమంది ముందు పెట్టుట గ్రంథాలయమునకు ప్రాణమైన సూత్రము. ఆ సూత్రము ఒక యంత్రమును కూడ ఊరూరికి చేర్చినది.

దాని లోపలి పని ఇట్టిది. యంత్రమునకు 1, 2, 3 అని మూడు గుంటలు ఉండును. లోపల ఏటీమెగా 328 వంటి మైక్రోకంట్రోలరు ఒకటి కూర్చుండి, ప్రతి గుంటను 5 వోల్టులకు గాని, సున్నకు గాని కలుపగలదు. లేదా ఏమియు చేయక అక్కడి వోల్టేజిని మాత్రము కొలువగలదు. ఒక్కొక్క గుంటకు రెండేసి రెసిస్టరులు కలవు: ఒకటి 680 ఓములు, మరియొకటి 4 లక్షల 70 వేల ఓములు. చిన్నదానిగుండ పంపినచో ఆరేడు మిల్లీ ఆంపియర్ల కరెంటు పారును; పెద్దదానిగుండ పంపినచో దానిలో కొన్ని వందలవ వంతు మాత్రమే పారును. ఒక కాలిని 5 వోల్టులకును, ఒక కాలిని సున్నకును కలిపి, మిగిలిన కాలిని కొద్దిగా కదిలించి, ఏమి జరుగునో చూచును. పిమ్మట కాళ్ళను మార్చి మరల చూచును. అట్లు మార్చుటకు వీలగు విధములు ఆరు.

ఎమిటరు, కలెక్టరులను అది గుర్తించు విధము తెలిసికొనదగినది. కాళ్ళను తారుమారు చేసి పెట్టినను ట్రాన్సిస్టరు కొంత పనిచేయును. కాని ఆ దిక్కున గెయిన్ చాల తక్కువ. యంత్రము రెండు దిక్కులను పరీక్షించి, ఎక్కువ గెయిన్ వచ్చిన దిక్కే సరియైనదని నిర్ణయించును. అనగా ఒక్క జవాబు విని తీర్పు చెప్పదు. ఎదురు ప్రశ్న కూడ అడిగి, రెండు జవాబులను సరిపోల్చి చెప్పును.

బి.సి. 547 ముక్క నొకదానిని గుంటలలో పెట్టి మీట నొక్కినచో, తెరపై ఎన్.పి.ఎన్. బొమ్మ, ఏ గుంటలోనిది కలెక్టరు, ఏది బేసు, ఏది ఎమిటరు అను వివరము, గెయిన్ అంకె, బేసు వోల్టేజి కనబడును. ఈ రకమునకు ఎ తరగతిలో గెయిన్ 110 నుండి 220 వరకు, బి తరగతిలో 200 నుండి 450 వరకు, సి తరగతిలో 420 నుండి 800 వరకు ఉండవచ్చును. అంకె 300 వచ్చినచో అది బి తరగతి ముక్క యని ఊహింపవచ్చును. బేసు వోల్టేజి 0.6, 0.7 ప్రాంతమున ఉన్నచో సిలికాను, 0.2, 0.3 ప్రాంతమున ఉన్నచో జెర్మేనియము.

ఇంతవరకు చెప్పినది యంత్రము యొక్క శక్తి. దాని పరిమితి తెలియనిచో ఈ శక్తి మేలుకు బదులు కీడు చేయును. యంత్రము ముక్క ఏ జాతిదో చెప్పును. ఎంత బరువు మోయగలదో చెప్పదు. అది అడుగునది 5 వోల్టులతో, ఆరేడు మిల్లీ ఆంపియర్లతో. ఇంటి కరెంటు 230 వోల్టులు; ఛార్జరులోపల అది సూటి కరెంటుగా మారినప్పుడు సుమారు 325 వోల్టులు. అక్కడ పనిచేయు ఎమ్.జె.ఇ. 13003 వంటి ట్రాన్సిస్టరు 400 వోల్టులు ఓర్చుకొనునట్లు చేయబడినది. 5 వోల్టుల పరీక్షలో నెగ్గిన ముక్క 325 వోల్టుల ముందు నిలుచునని చెప్పుటకు ఆ పరీక్షలో ఆధారము లేదు. గిత్తను ఇంటి ముంగిట నడిపించి చూచినంత మాత్రమున అది బండ లాగగలదని ఎవరును పందెము కాయరు.

నకిలీ సరకుల విషయమున ఈ సంగతి మరింత ముఖ్యము. మైకుసెట్టులలో, ఇన్వర్టరులలో కనబడు 2ఎన్ 3055 అను పెద్ద లోహపు ట్రాన్సిస్టరు 15 ఆంపియర్లు, 60 వోల్టులు, 115 వాట్లు తట్టుకొనునట్లు నిర్దేశింపబడినది. అదే లోహపు టోపీ క్రింద చిన్న సిలికాను ముక్క పెట్టి అదే పేరు అచ్చువేసిన నకిలీలు బజారులో ఉన్నవి. చేతియంత్రము రెండింటిని ఎన్.పి.ఎన్. అనియే చెప్పును, రెండింటికిని గెయిన్ చూపును. అందులో అబద్ధము లేదు, కాని అడిగినవానికి కావలసిన జవాబును లేదు. అట్టి ముక్కను తెలిసిన మెకానిక్కు 12 వోల్టుల, 55 వాట్ల కారు హెడ్‌లైటు బల్బుతో, తగిన వేడి పలకకు బిగించి పరీక్షించుట మేలు. ఆ బల్బు సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగును. అది చేతియంత్రపు పరీక్షకు ఆరు వందల రెట్లకు పైబడిన బరువు.

యంత్రము చూపు మాటలలో ఒకటి చాలమందిని తప్పుదారి పట్టించుచున్నది. ముక్కను గుర్తింపలేనప్పుడు అది తెరపై వ్రాయు ఇంగ్లీషు వాక్యమునకు అర్థము: 'ముక్క లేదు, లేక తెలియదు, లేక చెడినది.' క్రొత్తగా నేర్చినవారు చివరి మాటను మాత్రమే చదివి ముక్కను పారవేయుచున్నారు. కాలు గుంటలో సరిగా ఆనకపోయినను ఆ మాట రావచ్చును. బలమైన కొన్ని ఐ.జి.బి.టి.లు 5 వోల్టులకు మేలుకొనవు. కొన్ని పెద్ద ట్రయాకులకు యంత్రమిచ్చు కరెంటు చాలదు. అవి బాగున్నను యంత్రమునకు తెలియవు. టిప్ 122 వంటి జంట ట్రాన్సిస్టరులో బేసు వోల్టేజి 1.2 ప్రాంతమునకు పోవును. లోపలనే రెసిస్టరులు ఉండుటచే గెయిన్ అంకె నిజమునకు దూరముగా రావచ్చును. తెలియనిది వేరు, చెడినది వేరు. ఈ రెండింటిని వేరుచేసి చూచుటయే ఈ విద్యలో సగము.

తాతల కాలపు రేడియోలను బాగుచేయువారు మరియొక సంగతి గమనింపవలెను. ఎ.సి. 128 వంటి జెర్మేనియపు ముక్కలలో బేసునకు ఏమియు ఇవ్వకున్నను కొంత కరెంటు కారుచుండును. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగినచో ఆ కారుట దాదాపు రెట్టింపగును. ఒంగోలు, గుంటూరు ఎండలు 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నమున చూచిన అంకె, తెల్లవారుజామున చూచిన అంకె ఒకటి కావు. ముక్కను వ్రేళ్ళతో అదిమి పట్టుకొన్నను అంకె మారును. చల్లని వేళ, చేయి తీసివేసి, రెండు మూడు పర్యాయములు చూచి వ్రాసికొనవలెను.

ఇప్పుడు పొలములోనికి పోవుదము. 2021-22 పంటకాలమున నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశము జిల్లాల మిరపతోటలను తీవ్రముగా దెబ్బతీసెను. మందు కొట్టవలసిన దినమున స్ప్రేయరు నిలిచిపోయిన రైతునకు ఒక్కొక్క పూట ఎంత విలువైనదో వేరుగ చెప్పనక్కరలేదు. బాటరీ స్ప్రేయరులో 12 వోల్టుల బాటరీ, చిన్న మోటారు పంపు, చాల రకములలో వేగము మార్చు రెగ్యులేటరు ఉండును. ఆ రెగ్యులేటరు బోర్డుపై మాస్‌ఫెట్ అను ట్రాన్సిస్టరు జాతి ముక్క, గేటు, డ్రెయిన్, సోర్సు అను మూడు కాళ్ళతో, మోటారు కరెంటును క్షణమునకు అనేక మారులు తెరచుచు మూయుచు వేగమును అదుపులో పెట్టును.

స్ప్రేయరు నిలిచినప్పుడు మొదట ట్యాంకును, చేతులను సబ్బుతో కడుగవలెను. మందు అంటిన పరికరమును విప్పరాదు. పిమ్మట బాటరీని, ఫ్యూజును, స్విచ్చిని, వైరు కొనలను వరుసగా చూడవలెను. అవి బాగున్నచో మోటారును బోర్డునుండి వేరుచేసి, క్షణకాలము సూటిగా బాటరీకి కలిపి చూడవలెను. మోటారు తిరిగినచో దోషము బోర్డులో ఉన్నది. రెగ్యులేటరు ఎటు త్రిప్పినను పంపు పూర్తి వేగముతో నడచుచున్నచో మాస్‌ఫెట్ లోపల అతుకుకొనిపోయి ఉండవచ్చును. ఎంతమాత్రము నడువకున్నచో తెగిపోయి ఉండవచ్చును.

బాటరీని తీసివేసి, మాస్‌ఫెట్‌ను బోర్డునుండి ఊడదీసి యంత్రములో పెట్టవలెను. బాగున్నది 'ఎన్ ఛానల్ మాస్‌ఫెట్' అని, కాళ్ళ వివరముతో, మేలుకొను వోల్టేజితో కనబడును. అతుకుకొనిపోయినది కొన్ని ఓముల రెసిస్టరుగా కనబడుట కలదు. ఇక్కడితో సంతోషించి క్రొత్త ముక్క అతికించినవాడు మరునాడు మరల అదే పని చేయవలసివచ్చును. ఏలయనగా, పాతది ఎందులకు చచ్చినదో అతడు విచారింపలేదు. మోటారు కరెంటును తటాలున నిలిపినప్పుడు దాని చుట్టలనుండి ఎదురు వోల్టేజి ఎగయును. దానిని మళ్ళించుటకు మోటారు తీగల నడుమ ఒక డయోడు ఉండును. ఆ డయోడు తెగినచో దెబ్బ మాస్‌ఫెట్‌పై పడును. డయోడునకు ఒక కాలు ఊడదీసి అదే యంత్రములో పెట్టినచో, బాగున్నది ఒక దిక్కున మాత్రమే కరెంటు పోనిచ్చు బొమ్మగా కనబడును. క్రొత్త మాస్‌ఫెట్ ఎన్ ఛానల్ రకముదియే కావలెను. దాని వోల్టు, ఆంపియరు పరిమితులు పాతదానికి తగ్గరాదు. కాళ్ళ వరుస సరిపోవలెను. ఆ పరిమితులను యంత్రము చెప్పదు, తయారీదారుని పట్టికలో చదువవలెను. యంత్రమును, పుస్తకమును రెండును కావలసినది ఇక్కడనే.

కొన్ని జాగ్రత్తలు. బోర్డుపై అతికియున్న ముక్కకు తీగలు తగిలించి పరీక్షింపరాదు. చుట్టుప్రక్కల ముక్కలు కూడ జవాబు చెప్పి సాక్ష్యమును కలగాపులగము చేయును. కెపాసిటరును పరీక్షించుటకు ముందు తగిన రెసిస్టరుతో గాని, బల్బుతో గాని దానిలోని ఛార్జిని పూర్తిగా తీసివేయవలెను. నిండియున్న కెపాసిటరు యంత్రమును క్షణములో చంపును. ఛార్జరులోని 325 వోల్టుల కెపాసిటరు మనిషినే ప్రమాదమునకు లోను చేయును. ఇంటి కరెంటునకు కలిపియున్న ఏ పరికరమును విప్పరాదు. ప్రతిదినము పని ప్రారంభించుటకు ముందు, బాగున్నదని తెలిసిన ట్రాన్సిస్టరు నొకదానిని యంత్రములో పెట్టి చూడవలెను. కాటాను తెలిసిన తూకపు రాళ్ళతో సరిచూచుట ఈ సీమ వ్యాపారులకు పాత ఆచారమే కదా.

ఇది యంతయు గ్రంథాలయములో ఎందులకు చెప్పవలెనని కొందరికి తోచవచ్చును. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషితో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినప్పుడు, గ్రంథాలయమనగా పుస్తకములు దాచు గది యని దాని పెద్దలు తలంపలేదు. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసెను. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవ గ్రంథాలయము నడచెను. చదువరి గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే కాలువ వెంట అతని ఊరికి పోయెను. పుస్తకము ఎక్కడ అవసరమో అక్కడికి చేర్చుట ఆ పెద్దల పద్ధతి. నేడు ఈ గ్రామమున విద్యుత్తు, ఎలక్ట్రానిక్ పరికరములు ప్రతి ఇంటను ఉన్నవి. వాటిని గురించిన విద్య మాత్రము పట్టణములోని దుకాణపు బల్లకు ఆవల నిలిచియున్నది.

కావున ఈ రజతోత్సవ సందర్భమున ఒక చిన్న సూచన. గ్రంథాలయమునకు ట్రాన్సిస్టరు టెస్టరు ఒకటి, మీటరు ఒకటి కొనిపెట్టుట పెద్ద వ్యయము కాదు. వాటితోపాటు బాగున్నవని తెలిసిన పది రకముల ముక్కలు ఒక డబ్బాలోను, తయారీదారుల పట్టికల ప్రతులు ఒక అట్టలోను ఉంచవలెను. వారమున ఒక సాయంకాలము తెలిసిన మెకానిక్కు కూర్చుండి, పాఠశాల బాలురకును బాలికలకును పరీక్ష చూపవలెను. అన్నింటికంటె ముఖ్యమైనది ఒక నోటు పుస్తకము. అందు తేదీ, పరికరము, ముక్కపై ఉన్న పేరు, యంత్రము చూపిన కాళ్ళ వరుస, గెయిన్, ఎండవేళయా చల్లని వేళయా అను వివరము, తుదకు ఏమి మార్చగా పరికరము నడచినది అను సంగతి వరుసగా వ్రాయవలెను. అందులో 'బాగున్నది', 'చెడినది' అను రెండు గడులతోపాటు 'తెలియదు' అని మూడవ గడి తప్పక ఉండవలెను. తొందరపడి ముక్కను పారవేయు చేతిని ఆ గడి ఆపును. కొన్ని సంవత్సరములు గడచిన తరువాత ఈ గ్రామమున ఏ పరికరము ఎందులకు చెడుచున్నదో, ఏ సరకు పేరు నిజమో, ఏది పైపూతయో ఆ పుస్తకమే చెప్పగలదు. అట్టి పుస్తకము ఏ ముద్రాలయమునుండియు కొనుటకు దొరకదు, గ్రామస్థులే వ్రాసికొనవలెను.

25 సంవత్సరములు ఈ గ్రంథాలయమును చందాలతో, శ్రమతో నిలిపినవారందరకు అభినందనలు. స్వర్ణోత్సవమునాటికి ఆ నోటు పుస్తకము నిండి, బీరువాలోని గ్రంథముల సరసన సంఖ్య వేయించుకొని నిలుచుగాక! గ్రంథాలయము వర్ధిల్లుగాక!